స్మిత్ గారూ, మా కత్తిపీట

ఇంగ్లీషువాళ్ళ ఇంటిపేర్లలో స్మిత్‌దే మొదటి పీట. ఒక్క అమెరికాలోనే 2010 జనాభా లెక్కల్లో 24 లక్షలకు పైగా స్మిత్‌లు తేలారు. ఇంతమందీ ఒకే వంశమా అని కంగారు పడనక్కర్లేదు. స్మిత్ అంటే కమ్మరి. అక్కడ ఇంటిపేర్లు స్థిరపడుతున్న మధ్యయుగాల్లో నాగలికి కర్రు కావాలన్నా, గుర్రానికి నాడా కొట్టాలన్నా ఊరూరా కొలిమి ఉండాల్సిందే. కొలిమికో స్మిత్ మిగిలాడు.

బాధేమిటంటే, పేరు మోసిన స్మిత్‌లలో సుత్తి పట్టినవాడు కనబడడు. ఆడమ్ స్మిత్ కాస్త నయం. దేశాల సంపద గురించి 1776లో వేసిన పుస్తకంలో మొదట్లోనే గుండుసూదుల కార్ఖానాకు తీసుకెళ్ళాడు. పదిమంది పని పంచుకుంటే రోజుకు 48 వేల సూదులు తయారవుతాయన్నాడు. అయితే ఆయన చేసింది లెక్కే, సూది కాదు.

స్టీవ్ స్మిత్ సంగతి మరీ ఘోరం. 2018లో కేప్‌టౌన్‌లో ఆయన కెప్టెన్సీలోని ఆస్ట్రేలియా జట్టు ఉప్పుకాగితంతో బంతిని గీకబోయి దొరికిపోయింది. ఆయనకు ఏడాది నిషేధం పడింది. నీతి సంగతి పెద్దలు చూసుకున్నారు, నా అభ్యంతరం వేరు. ఉప్పుకాగితం వడ్రంగి సామాను. కమ్మరి ఇంటిపేరున్న కెప్టెన్ జట్టులో కనీసం ఆకురాయి దొరకొద్దూ!

పరువు నిలిపింది విల్ స్మిత్ ఒక్కడే. 2022లో ఆస్కార్ వేదికెక్కి, క్రిస్ రాక్ అనే హాస్యనటుడి చెంప ఛెళ్ళుమనిపించి, కంసాలి నూరు దెబ్బలు కమ్మరి ఒక్క దెబ్బ అన్న మన సామెతను లోకమంతా చూస్తుండగా రుజువు చేశాడు. పదేళ్ళపాటు మా గుమ్మం తొక్కొద్దంది అకాడమీ. పనితనానికి విలువ లేని రోజులు.

జర్మన్ల ష్మిట్, రష్యన్ల కుజ్నెత్సోవ్, ఆఖరికి ఇటలీవాళ్ళ ఫెరారీ కూడా కొలిమి దగ్గర పుట్టిన పేర్లే. ఫెరారీ టీషర్టు వేసుకున్న కుర్రాడే, క్లాసులో అటెండెన్సు పిలుస్తూ మేష్టారు 'కమ్మరి' అనగానే పక్కవాణ్ణి మోచేత్తో పొడిచి నవ్వుతాడు.

మా పక్కింటాయన కొడుక్కి డాలస్‌లో కొత్త బాసు వచ్చాడు. పేరు స్మిత్. ఆ పేరును ఆయన వీధి చివరిదాకా మోసుకెళ్ళి మరీ చెప్పొచ్చాడు. అంటే ఏమిట్రా అని వాళ్ళమ్మగారు అడిగితే, నోరూరుకోక నేనే అర్థం చెప్పాను. ఆయన మొహం మాడింది. ఆవిడ మొహం మాత్రం వెలిగిపోయింది.

"మంచిదేగా! ఈసారి వచ్చేటప్పుడు వెంటబెట్టుకు రమ్మను నాయనా. మన కత్తిపీట మొద్దుబారి ఆర్నెల్లయింది."