దిగులు గారికి ఒక బత్తాయి రైతు విన్నపం

మహారాజశ్రీ దిగులు గారికి,

తెల్లవారుజామున మూడు గంటల డ్యూటీకి మీరు ఒక్కనాడూ ఆలస్యంగా రాలేదు. నల్గొండ జిల్లాలో ఇంత క్రమశిక్షణగల ఉద్యోగి మరొకరు దొరకరు. అందుకే ఈ ఉత్తరం తగిన మర్యాదతోనే రాస్తున్నాను.

ఒకప్పుడు మీ రాకకు కారణం ఉండేది. త్రీఫేజు కరెంటు రాత్రిపూట ఇచ్చేవారు. టార్చిలైటు పట్టుకుని తోటకు పోయి మోటారు వేయాలి. దారిలో పాముందో, తెగిన తీగుందో తెలియదు. అప్పుడు మీరు వెంట రావడం న్యాయమే. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు వచ్చింది. నాకు రాత్రిపూట లేచే పని తప్పింది. మీకు మాత్రం లేపే పని తప్పలేదు.

బోరు ఎండితే? ఎండకపోతే, పిందె రాలితే? రాలకపోతే, ధర పడిపోతే? ధర కూడా బాగుంటే, ఎవరి కన్నయినా పడితే? ఇంత దూరం ఆలోచించే మీ తెలివికి దండం.

మొన్న ఎండాకాలం బోరు బండి వచ్చిన రోజు మీ వైభవం చూడవలసిందే. రాడ్డు వెనుక రాడ్డు దిగుతోంది, అడుగుకు ఇంత అని లెక్క పెరుగుతోంది, పైకి మాత్రం తెల్లటి రాతిపొడే వస్తోంది. చుట్టూ నిలబడ్డవాళ్ల తలల మీద, కనురెప్పల మీద అదే పొడి. మా చిన్నమ్మ వేపచెట్టు కింద గోనెసంచి పరచుకుని మోకరించింది. ఆమె ప్రార్థనలో అలంకారాలుండవు. "ప్రభువా, ఇది వడ్డీకి తెచ్చిన డబ్బు. నీళ్లు నీ దగ్గరున్నాయి, వీడి దగ్గర గుండెదడ తప్ప ఏమీ లేదు. ఇస్తే స్తోత్రం. ఇవ్వకపోతే ఏం చేయాలో అదైనా చెప్పు. ఆమెన్." లేచి కొంగు దులుపుకుని, బండి మీద పనిచేసే పిల్లలకు అన్నం వడ్డించింది.

నీళ్లు పడలేదు. పొడి కాస్త బురదయింది, అంతే. మీరు గెలిచామనుకున్నారు. కానీ ఆ రాత్రి చిన్నమ్మ గురకపెట్టి నిద్రపోయింది. ఆమె దగ్గర పని జరగక, మీరు నా మంచం దగ్గరికి వచ్చారు.

ఆనాటి నుంచి నేనూ ఆమె పద్ధతే పట్టాను. మీరు చెవిలో చెప్పే ప్రతి ముక్కనూ ఉన్నదున్నట్టు దేవుడికి చేరవేస్తున్నాను. "దేనినిగూర్చియు చింతపడకుడి" అని బైబిల్లో అపొస్తలుడు పౌలు రాసింది తోటలో కుర్చీ వేసుకుని కాదు, సంకెళ్లలో ఉండి. పైగా విన్నపాలను కృతజ్ఞతతో కలిపి చెప్పమన్నాడు. అక్కడే మీకు చిక్కు వచ్చింది. పాత బోరు ఇంకా కొంచెం పోస్తున్నందుకు స్తోత్రం అనగానే మీ ముఖం చిన్నబోతుంది.

మా నీళ్లలోని ఫ్లోరైడును పటిక, సున్నం కలిపి తీసే విధానాన్ని నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ (నీరి) శాస్త్రవేత్తలు రూపొందించారు. దానికి మా జిల్లా పేరే పెట్టి నల్గొండ టెక్నిక్ అన్నారు. కలిపి కాసేపు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది. స్తోత్రం కలిపాక మీరూ అలాగే దిగుతున్నారు. మడ్డి మాయం కాదు, తాగే నీళ్లలో ఉండదు, అంతే.

మీరు చర్చికి కూడా వస్తారని తెలుసు. ప్రార్థన అంశాలు చెప్పమనగానే ఊళ్లోవాళ్ల గుట్టంతా విప్పేవారి పక్కనే మీ ఆసనం. "దిగులుపడుతున్నావంటే విశ్వాసం లేనట్టే" అనే పెద్దమనిషి గొంతులో మాట్లాడేదీ మీరే. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ప్రభువు చెమట రక్తబిందువుల్లా నేలమీద పడిందని సువార్తలో లూకా రాశాడు. ఆయనను కూడా అలాగే అంటారా? చచ్చిపోతాను చాలు అన్న ఏలీయా ప్రవక్తకు దేవుడు ప్రసంగం చేయలేదు. చెట్టు కింద పడుకోనిచ్చాడు, దూతతో రొట్టె, నీళ్లు పంపాడు, తిన్నాక మళ్లీ పడుకోనిచ్చాడు. ఆ లెక్కన డాక్టరు రాసిన నిద్రమాత్రను కూడా నేను ప్రార్థన చేసే వేసుకుంటున్నాను. సీసాలో ప్రార్థన నూనె అమ్మి, మందులు పారేయమనేవాళ్లు మీ ఏజెంట్లేనని నాకు గట్టి అనుమానం.

సరే, పనిలోకి వస్తాను. పాత బోరు నీళ్లతో ఎన్ని చెట్లు బతుకుతాయో చూసుకుని, మిగతావి కొట్టేయాలని ఇంట్లో అనుకున్నాం. ఆ చెట్లు నేను నాటినవే, ఏడుపు వస్తుంది, అది వేరే సంగతి. డ్రిప్పు పైపులు సరిచేయడానికి రేపు పొద్దున మనిషి వస్తున్నాడు. మీరూ రావచ్చు. గడ్డపార తెచ్చుకోండి.

ఇట్లు,
మీ పాత ఖాతాదారు