అటక మీది సర్వైవల్ కిట్ గారికి

పద్దెనిమిది పనులు ఒంటిచేత్తో చక్కబెట్టే సర్వైవల్ కిట్ గారికి, దిల్‌సుఖ్‌నగర్ నుంచి నమస్కారాలు.

1,499 రూపాయలు పోసి తమరిని తెప్పించుకున్న రాత్రి నాకు నిద్ర పడితే ఒట్టు. నల్లమలలో నేను తప్పిపోయినట్టు, వారం రోజులు తమరే నన్ను సాకినట్టు ఊహలు.

తీరా మన తొలి సాహసయాత్ర అనంతగిరికి. అడవిదాకా ఎందుకు, మెట్రో స్కానర్ దగ్గరే తమరి కత్తి దొరికిపోయింది. "ఇదేంది సార్, ఏడికి పోతున్నరు?" అన్నాడు గార్డు. "ప్రాణాలు కాపాడుకోవడానికి" అన్నాను. ఇంకో ఇద్దరు గార్డులొచ్చారు. చివరికి ఫ్రెండ్ బైక్ మీద వెళ్లాం.

తమరిలో చేపల గాలం కూడా ఉంది. మూసీ అనంతగిరిలోనే పుడుతుంది, కాదనను. పుట్టీ పుట్టని నదిలో ఏ చేప దొరుకుతుందనుకున్నారు? చెట్లు కోసే తీగ రంపం సంగతి ఫారెస్ట్ వాళ్ల ముందు ఎత్తకపోవడమే మంచిది.

అన్నిటికన్నా ఒర మీది దిక్సూచి అంటే నాకు గౌరవం. పక్కనే జానెడు ఉక్కు ఉంటే పాపం ఆ ముల్లు మాత్రం ఏం చేస్తుంది? ఎటు తిరిగినా ఉత్తరం కత్తివైపే. అలా ఉత్తరానికి నడిచి నడిచి ఒకే చింతచెట్టును మూడుసార్లు పలకరించాం. ఈలోగా చీకటి పడింది, ఫోన్లు చచ్చాయి.

పాము కరిస్తే విషం పీల్చడానికి పంపు ఇచ్చారు తమరు. పీలిస్తే విషం రాదని, కాలు కదపకుండా ఉంచి, విరుగుడు సూది ఉన్న ఆస్పత్రికి వెంటనే చేర్చడమే దారని డాక్టర్లు మొత్తుకుంటున్నారు. అసలు పాము మీద కాలు పడకుండా చూపించాల్సిన టార్చేమో మిణుగురుకు తమ్ముడు.

కాపాడింది ఎవరో తెలుసా? ఫ్రెండ్ కూతురి స్కూలు ఈల. ఆపదలో మూడుసార్లు ఊది, ఆగి, మళ్లీ మూడు ఊదాలని ఎక్కడో చదివాను. ఊదాం. మేకల కాపరి ఒకాయన వచ్చి, "ఏందన్నా ఈ లొల్లి? రోడ్డు గీడనే ఉంది" అన్నాడు. రెండొందల అడుగులు లేదు.

ఇప్పుడు నా బ్యాగులో రెండు లీటర్ల నీళ్లు (అవే రెండు కిలోలు, భుజాలకి తెలుసు), తలకి కట్టుకునే లైటు, దానికి అదనపు బ్యాటరీలు, ఓఆర్ఎస్ పొట్లాలు, బొబ్బలకి టేపు, బేగంబజార్ టార్పాలిన్ ముక్క, అమ్మ ఇచ్చిన పాత నూలు తువ్వాలు. ఎండకి తలపాగా, దెబ్బకి కట్టు, రాత్రికి దిండు... ఆ తువ్వాలు చేసే పనులు లెక్కపెడితే తమరు నొచ్చుకుంటారు.

అలాగని తమరు ఊరికే ఉన్నారనను. మొన్న పై ఫ్లోర్ అంకుల్ వాస్తు చూసుకోవడానికి ఆ దిక్సూచి అడిగితే, కత్తితో సహా ఒర ఇచ్చాను. ఆగ్నేయంలో ఉండాల్సిన వంటగది ఈశాన్యంలో ఉందట. పొద్దున్నుంచీ గోడ పగలగొడుతున్నారు.

ఇట్లు,
కింది ఫ్లోర్ వాడు