నెత్తికెక్కిన స్పీకర్లకు బహిరంగ లేఖ

నా నెత్తికెక్కిన జంట స్పీకర్లకు,

ఉభయకుశలోపరి అని మొదలుపెడదామంటే కలం సాగడం లేదు. మీరిద్దరూ కుశలమే. నా మెడే కాదు.

కాజీపేటలో పట్టాల పక్కన ఇల్లు కొనుక్కున్నవాడికి నిశ్శబ్దం మీద ఆశ ఉండకూడదు. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ లైన్లు కలిసే జంక్షన్ ఇది. హారన్ పడకుండా ఒక్క చరణం దాటదు. అందుకని చెవులు గట్టిగా మూసే మంచి హెడ్‌ఫోన్స్ కోసం హన్మకొండ చౌరస్తాకు వెళ్లి ధర అడిగాను. బయటికి వచ్చి, "ఇందులో ఏముంది, రెండు స్పీకర్లూ ఒక పట్టీయే కదా" అనుకున్నాను. మన ఇళ్లలో సగం అటకలు నిండింది ఈ మాటతోనే.

మిమ్మల్ని తీసింది కూడా అటక మీంచే. పాత మ్యూజిక్ సిస్టమ్ డబ్బాలు విప్పితే దొరికారు. మూడంగుళాల కోను, వెనక బరువైన అయస్కాంతం బిళ్ల, కరెంటుకు అడ్డుపడే కొలతలో 8 ఓమ్‌లు. హాలంతా వినిపించడానికి పుట్టినవాళ్లు. మిమ్మల్ని చెవి పక్కన కూర్చోబెట్టి గుసగుసలాడమన్నాను. ఒగ్గు కథ చెప్పే ఆయన్ను పిలిచి జోలపాట పాడమన్నట్టు.

ఇంట్లో నోళ్లు మూయించడానికి చరిత్ర కూడా చదివాను. 1910 ప్రాంతంలో అమెరికాలో నథానియెల్ బాల్డ్విన్ అనే ఆయన వంటింట్లో హెడ్‌ఫోన్స్ చేసి అక్కడి నౌకాదళానికి అమ్మాడు. 1958లో మిల్వాకీలో జాన్ కాస్ స్టీరియో హెడ్‌ఫోన్స్ తెచ్చాడు. వాటి లోపల ఉన్నవీ చిన్న లౌడ్‌స్పీకర్లే. ఇదంతా చెబితే మా ఆవిడ, "ఆయన వంటింట్ల చేస్తుంటే ఆయన పెండ్లాం ఏమన్నదో గది కూడ రాసిన్రా?" అంది. రాయలేదు.

మీకు ఇల్లు కట్టడం మొదలైంది. డ్రైనేజీ పైపుకు పెట్టే నాలుగంగుళాల పీవీసీ మూతలు రెండు మీకు గదులయ్యాయి. తల మీదికి పత్తి బేళ్లకు బిగించే ఇనుప పట్టీ. దాని అంచు గీసుకోకుండా కొత్తవాడ జంపఖానా ముక్క చుట్టాను. మూతల్లో కూరడానికి పత్తి కోసం మాత్రం వెతకలేదు. ఎనుమాముల మార్కెట్ ఉన్న ఊళ్లో పత్తి కొంటే నవ్వుతారు.

మొదట ఫోనుకు తగిలించాను. అది 32 ఓమ్‌ల ఇయర్‌ఫోన్స్‌ను మోసే ప్రాణం. ఓమ్‌లు తగ్గేకొద్దీ ఎక్కువ కరెంటు లాగుతారు కదా, మీ 8 ఓమ్‌లు చూసి మూలిగింది. సరే అని హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్‌కు కలిపాను. చెవి దగ్గర మిల్లీవాట్లతో అయిపోయే పనికి వాట్లు గుమ్మరించే యంత్రం! పాట లేనప్పుడు కూడా పోపు వేగుతున్నట్టు సుయ్యిమంటూనే ఉంది. వరుసలో 100 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే ఆ సుయ్యి తగ్గింది కానీ దరువు వదులైపోయింది. మధ్యలో అంత అడ్డం పెడితే ఆంప్లిఫయర్‌కు కోను మీద పట్టు పోతుందట. అది పీకేసి వరుసలో 10, మీకు సమాంతరంగా 1 ఓమ్ పెట్టాక దారికొచ్చారు. ఈ రెండు రెసిస్టర్ల తెలివికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

అయినా ఐనవోలు మల్లన్న జాతరలో నేను రికార్డు చేసుకున్న డోలు మోగదే! పాట ఎక్కడి నుంచి వస్తుందో తెలియదు, తల వెనక ఎవరో సణిగినట్టు ఉంది. 1.5 వోల్టుల సెల్ తగిలించి చూశాను. ఒకరి కోను ముందుకు దూకింది, ఇంకొకరిది వెనక్కి. అత్తాకోడళ్లలా ఒకరు తోస్తుంటే ఒకరు లాగుతున్నారు. తీగలు మార్చాను.

ఇంకా గాలి గొడవ మిగిలింది. కోను తోసిన గాలి చెవి దగ్గరే ఒత్తిడిగా నిలవాలి, సందులోంచి బయటికి జారిందంటే దరువు మాయం. అందుకే చెవి చుట్టూ సందు ఉండకూడదు. చెవుల దగ్గర పెట్టిన జంపఖానా గద్దె గాలిని ఆపలేదు. బండి సీట్లు కుట్టే అతను రెక్సిన్‌తో కుట్టిచ్చాడు, "ఏ బండికి సార్?" అని అడుగుతూనే. తీరా అది కూడా నా కళ్లద్దాల కాడ దగ్గర వదులైంది. అద్దాలు తీస్తే డోలు వినిపిస్తుంది, పెడితే ఫోను కనిపిస్తుంది. ఏదో ఒకటే.

కిరాణా కొట్టు కాటా మీద 780 గ్రాములు తూగారు. ఖర్చు లెక్క మా ఆవిడ దగ్గర ఉంది, ఇక్కడ రాయను. షాపువాడు చెప్పిన ధర దాటిందని మాత్రం ఒప్పుకుంటున్నాను.

మీది హై ఫిడిలిటీ అని నలుగురికీ చెప్పుకున్నాను. ఫిడిలిటీ అంటే విశ్వాసం. ఎవరి మీదో ఇప్పుడు తెలుస్తోంది. ఆ జాతర రికార్డింగ్‌లో ఇన్నాళ్లూ నాకు డోలు మాత్రమే వినిపించేది. ఇప్పుడు పక్కన పిల్లాడు పీక ఊదడం, ఎవరో చెప్పు పోయిందని ఏడవడం, అన్నిటికంటే స్పష్టంగా నా దగ్గు. హారన్లు తప్పించుకోవడానికి మిమ్మల్ని పెట్టుకుంటే, రికార్డింగ్‌లోనే దూరంగా ఒక బస్సు హారన్ ఉందని చూపించారు.

మొన్న మా అమ్మ, "నెత్తి మీద గా డబ్బాలేంది కొడుకా?" అంటూ తనూ పెట్టించుకుంది. మీ బరువుకు తల ఒరగకుండా రెండు చేతులతో గట్టిగా అదిమి పట్టుకుంది. సందు మూసుకుపోయింది. "అబ్బ, మల్లన్న డోలు గుండెల మీదనే కొడుతుంది!" అంది. రెసిస్టర్లూ, పత్తీ, రెక్సినూ చేయలేనిది ఆ రెండు అరచేతులు చేశాయి. ఆ రోజు నుంచి నేనూ అలాగే వింటున్నాను, రెండు చేతులతో మిమ్మల్ని పట్టుకుని, దేనికో దిగులుపడ్డవాడిలా.

ఉత్తరం రాయాలంటే ఒక చెయ్యి కావాలి కదా, అందుకని మిమ్మల్ని తీసి బల్ల మీద వెల్లకిలా పెట్టాను. వాల్యూమ్ కొంచెం పెంచితే చాలు, అక్కడి నుంచే బాగా వినిపిస్తున్నారు.

ఇట్లు,
మీ సేవకుడు