ఉరి వద్దనేవాళ్ల నడక కోయిలకుంట్లలో మొదలవ్వాలి

మా సీమలో పాదయాత్ర అనగానే జనం ముందు అడిగేది "ఏ పార్టీ?" అనే. 2012లో చంద్రబాబు హిందూపురంలో మొదలుపెట్టారు. 2017లో జగన్ ఇడుపులపాయలో మొదలుపెట్టి 3,648 కిలోమీటర్లు నడిచారు. ఇద్దరూ ముఖ్యమంత్రులయ్యారు. ఇవి చూసి అలవాటైన కళ్లకు, ఉరిశిక్ష రద్దు చేయమంటూ నెల రోజులు నడుస్తామనేవాళ్లు పిచ్చివాళ్లలా కనబడతారు. వాళ్లు ఎవరి కోసం నడుస్తారో ఆ ఖైదీకి ఓటు కూడా లేదు. సరిగ్గా అందుకే నాకు అలాంటి నడక కావాలి. ప్రెస్ క్లబ్ మీటింగులు, రౌండ్ టేబుళ్లు చాలానే అయ్యాయి. ఈసారి ఫ్యాక్షన్ చూసిన ఊళ్ల మధ్య నుంచి నడవాలి.

ఇలా నడిచినవాళ్లు లేకపోలేదు. 1990లో అమెరికాలో ఫ్లోరిడాలోని స్టార్క్ దగ్గర, మరణశిక్ష పడ్డ ఖైదీలను ఉంచే జైలు నుంచి అట్లాంటాలో మార్టిన్ లూథర్ కింగ్ సమాధి దాకా ఒక బృందం నడిచింది. అందులో హెలెన్ ప్రెజీన్ అనే క్రైస్తవ సన్యాసిని ఉన్నారు. ఆమె సంగతి చాలామందికి తెలుసు. నాకు ఆమె కంటే ఆ నడకలోనే ఉన్న బిల్ పెల్కీ ముఖ్యం. ఉక్కు ఫ్యాక్టరీలో క్రేన్ ఆపరేటర్. 1985లో ఆయన నాయనమ్మను ఆమె ఇంట్లోనే కత్తితో పొడిచి చంపారు. చంపిన అమ్మాయికి అప్పటికి 15 ఏళ్లు. కోర్టు మరణశిక్ష వేసింది. కొన్నాళ్లకు ఒక రాత్రి డ్యూటీలో, క్రేన్ మీద ఒంటరిగా కూర్చుని ఏడ్చి, ఆ పిల్లను చంపొద్దని పెల్కీ నిర్ణయించుకున్నాడు. ఆ తర్వాత జీవితమంతా ఆ పనే చేశాడు. పోగొట్టుకున్నవాడే ముందు నడుస్తుంటే "మీ ఇంట్లో జరిగితే తెలుస్తుంది" అని ఎవరు అనగలరు?

అలాంటివాళ్లు సీమలో దొరకరా? ఊరికి ఇద్దరు ముగ్గురు దొరుకుతారు. మొగుణ్ణి పోగొట్టుకుని, కొడుకును చదువు పేరుతో బెంగళూరుకో హైదరాబాదుకో పంపేసి, పగ అక్కడితో ఆగేలా చూసుకున్న ఆడవాళ్లు వాళ్లు. వాళ్ల గురించి ఎవరూ రాయరు, బాంబుల గురించి రాస్తారు.

ఉరి ఉంటే భయం ఉంటుందనే వాదన సీమ మట్టి మీద నిలబడదు. 2005 జనవరి 24న పరిటాల రవిని అనంతపురంలో సొంత పార్టీ ఆఫీసులోనే చంపారు. ఆ కేసు నిందితుల్లో ఒకరిని 2008లో అనంతపురం జైల్లోనే చంపారు. ఇంకొకరిని 2011లో హైదరాబాద్‌లో కాల్చి చంపారు. వీళ్లెవరికీ చావు భయం కొత్త కాదు. ఇంట్లోంచి బయటికొచ్చిన ప్రతిసారీ తిరిగొస్తామో లేదో అనుకుంటూ బతికినవాళ్లే. రేపు చస్తావని తెలిసినా ఆగనివాణ్ణి, పదేళ్ల తర్వాత కోర్టు ఉరేస్తుందేమో అన్న అనుమానం ఆపుతుందా?

నడక కోయిలకుంట్లలో మొదలవ్వాలన్నది కూడా ఇందుకే. 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కంపెనీ సర్కారు అక్కడే, జనం చూస్తుండగా ఉరితీసింది. ఉరితీసి ఊరుకోలేదు. తలను కోట గుమ్మానికి వేలాడదీసింది, 1877 దాకా అది అలాగే ఉంది. ముప్పై ఏళ్లు! తండ్రి వేలు పట్టుకుని ఆ తలను చూసిన పిల్లాడు, తన పిల్లల్ని తీసుకొచ్చి అదే తలను చూపించేంత కాలం. జనం భయపడి కంపెనీని తలుచుకున్నారా? రెడ్డి మీద పాటలు కట్టుకుని పాడుకున్నారు.

సరే, అసలు విషయం తాడు ఎవరి మెడకు పడుతుందన్నది. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం వాళ్లు దేశమంతా జైళ్లు తిరిగి 2016లో నివేదిక ఇచ్చారు. ఉరిశిక్ష పడ్డవాళ్లలో ప్రతి నలుగురిలో దాదాపు ముగ్గురు నిరుపేదలు. ఇంకో లెక్క అంతకంటే ఘోరం. కింది కోర్టులు వంద మందికి ఉరి వేస్తే పైకోర్టులు దాటి నిలబడేది ఐదు. దాదాపు ముప్పై మంది నిర్దోషులుగా బయటికొస్తున్నారు. 2009లో ఆరుగురికీ ఉరే సరి అన్న సుప్రీంకోర్టే 2019లో ఆ ఆరుగురూ నిర్దోషులని వదిలేసింది. సంచార జాతి కూలీలు వాళ్లు. మధ్యలో క్షమాభిక్ష కుదరదంటూ ఫైలు త్వరగా కదిలి ఉంటే ఎవరిని వదిలేవాళ్లు?

క్షమాభిక్ష అంటే గుర్తొచ్చింది. 1993 మార్చిలో చిలకలూరిపేట బస్సు దహనంలో 23 మంది కాలిపోయారు. ఇద్దరు దళిత యువకులకు ఉరి పడింది. 1997లో ఉరి తేదీ దాకా వచ్చి ఆగింది. ఒక రాష్ట్రపతి కుదరదన్నారు, తర్వాత వచ్చిన కె.ఆర్. నారాయణన్ యావజ్జీవంగా మార్చారు. నేరం అదే, ఫైలూ అదే. మారింది కుర్చీలో మనిషి. అదీ హక్కుల సంఘాలు, దళిత సంఘాలు గట్టిగా కొట్లాడితే. దీని పక్కన మా కర్నూలు జిల్లా ముచ్చట పెట్టి చూడండి. హత్య కేసులో పదేళ్ల శిక్ష పడ్డ ఒక నాయకుడికి గవర్నర్ మిగతా శిక్ష మాఫీ చేశారు. 2006లో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేస్తూ ఫైలు తిరగేస్తే, ఆయన "మంచి కాంగ్రెస్ కార్యకర్త" అన్న మాట అందులో కనబడింది! క్షమించడానికి అదొక అర్హత అట. ఉరి పడ్డవాళ్ల ఫైళ్లలో అలాంటి వాక్యం ఎవరు రాస్తారు?

పసిపిల్లలను చిదిమేసినవాణ్ణి ఏం చేయాలంటారు, మేపాలా అని అడుగుతారు. న్యాయమైన కోపం, నాకూ వస్తుంది. 2019లో చటాన్‌పల్లిలో దిశ హత్యాచారం కేసు నిందితులు నలుగురిని కాల్చి చంపిన పోలీసుల మీద పూలు చల్లింది ఆ కోపమే. 21 పనిదినాల్లో దర్యాప్తు, విచారణ, తీర్పు ముగించాలంటూ మన అసెంబ్లీ దిశ బిల్లు పాస్ చేసిందీ ఆ కోపంతోనే. బిల్లు ఢిల్లీ దాటి రాలేదు, చటాన్‌పల్లిలో పోలీసులు చంపాలనే కాల్చారని సుప్రీంకోర్టు వేసిన సిర్పూర్కర్ కమిషన్ తేల్చింది. చచ్చేదాకా జైల్లో ఉంచమనండి, కాదనను.

ఇక్కడ నా పాత పాట ఒకటి అందుకోక తప్పదు. సెషన్స్ కోర్టు ఉరి వేస్తే హైకోర్టు ఖాయం చేయాల్సిందే, అది చట్టం. కోసిగి నుంచో కౌతాళం నుంచో ఏటా మిరపకాయలు కోయడానికి గుంటూరు వలసపోయే కుటుంబం ఉందనుకోండి. ఆ ఇంటి పిల్లాడికి ఉరి పడితే, తల్లి లాయర్‌ను వెతుక్కుంటూ అమరావతికి పోవాలి. మూడు వందల కిలోమీటర్లకు పైనే. వలస బస్సు ఎక్కడానికి అప్పు చేసే మనిషి, వాయిదాకు ఎన్నిసార్లు పోగలదు? కోస్తా, సీమ నాయకులు రాసుకున్న 1937 శ్రీబాగ్ ఒడంబడిక నుంచి సీమవాడికి హైకోర్టు మాట చెబుతూనే ఉన్నారు. 2024 నవంబరులో కర్నూలులో హైకోర్టు బెంచి కోసం అసెంబ్లీ తీర్మానం చేసింది. తీర్మానాలకు మాకు కొదవ లేదు. ఉరి వేసే ముందు ముద్దాయి పుట్టుక, పెంపకం, మానసిక స్థితి అన్నీ సేకరించి చూడాలని సుప్రీంకోర్టు 2022లో చెప్పింది. ఆ వివరాల కోసం కోసిగి దాకా ఎవరొస్తారు? హైకోర్టు బెంచి అంటే బిల్డింగు, రియల్ ఎస్టేటు అనుకునే మా నాయకులకు ఈ తల్లి ప్రయాణం లెక్కలోకి రాదు.

నడిచి వచ్చేవాళ్లను సీమ ఎలా చూసుకుంటుందో ఆత్మకూరు రోడ్డు మీద నేను చూశాను. ఉగాదికి ముందు కన్నడ భక్తులు శ్రీశైలానికి నడిచిపోతారు. పగిలిన మడమలకు గుడ్డపీలికలు కట్టుకుని, తడిగుడ్డ నెత్తిన వేసుకుని. దారిలో బిందెలతో మజ్జిగ పెట్టుకుని కూర్చున్నవాళ్లు "ఏ ఊరు, ఏ కులం" అనడగరు, గ్లాసు చేతిలో పెడతారు. కాసేపు కూర్చున్నాక అప్పుడు మాటలు మొదలవుతాయి. టీవీ డిబేట్‌లో జరగనిది అదే.

కాబట్టి బయల్దేరేవాళ్లకు ఒక మాట. వినాయక నిమజ్జనాలు అయిపోగానే కోయిలకుంట్లలో కదలండి. జమ్మలమడుగు, కడప జైలు ముందు నుంచి తాడిపత్రి, అనంతపురం, గుత్తి, డోన్. మరణశిక్ష వ్యతిరేక దినం అక్టోబరు 10కి కర్నూలు చేరండి. అప్పటికి నల్లరేగడిలో శనగ విత్తే పనులు మొదలవుతాయి, జనం పొలాల గట్ల మీదే ఉంటారు. మైకులు తేవద్దు. మజ్జిగ మేం చూసుకుంటాం.