యుద్ధం యెహోవాదే, మైకు మాత్రం మాది

సాతానుతో పోరాటంలో నాకు బోలెడు అనుభవం. వాడికి మా ఇంట్లో దొరికినంత పని ఇంకెక్కడా దొరికి ఉండదు. తెల్లవారుజామున ప్రార్థనకు మెలకువ రాకపోతే వాడి పనే. రాత్రి రెండింటి దాకా ఫోన్లో వీడియోలు చూసింది నేనే అనుకోండి, అయినా నిద్రమత్తు వాడి శాఖ కిందికే వస్తుంది. బండి మొరాయిస్తే వాడే. పెట్రోలు పోయించలేదన్నది లౌకికమైన వివరణ.

మొన్న కూడికలో ఉన్నట్టుండి మైకు మూగబోయింది. శత్రువు పనేనని ఇట్టే గ్రహించి, ఆంప్లిఫయర్ మీద చెయ్యి వేసి గద్దించాను. బంధించాను. అగాధానికి పంపాను. చొక్కా తడిసిపోయింది. సంఘమంతా స్తోత్రం, స్తోత్రం అంటోంది. ఇంతలో ఏడేళ్ల పిల్ల ఒకతి వచ్చి, నా చెప్పు కింద ఇరుక్కున్న వైరు లాగి, ఊడిన ప్లగ్గు గుచ్చి వెళ్లిపోయింది. మైకు మోగింది. విజయగీతం పాడాం. ఆ పిల్లకు ఆత్మీయ వివేచన ఇంకా రాలేదు, పాపం.

ఇంత యుద్ధం చూసినవాణ్ణి గనక బైబిల్లోని వ్యూహాల మీద నాకు కొన్ని అభ్యంతరాలున్నాయి. ఇశ్రాయేలీయుల నాయకుడు గిద్యోను వెంట యుద్ధానికి 32,000 మంది వచ్చారు. భయమున్నవాళ్లు వెళ్లొచ్చు అనగానే 22,000 మంది ఇంటిదారి పట్టారు. దేవుడికి మిగతా పదివేలూ ఎక్కువేనట. నీళ్లు తాగే తీరు చూసి 300 మందిని ఉంచారు. వాళ్ల చేతికిచ్చిందేమిటయ్యా అంటే బూర, ఖాళీ కుండ, అందులో దివిటీ! ఎక్కువమందితో గెలిస్తే మా బాహుబలమేనని అతిశయిస్తారని ఈ ఏర్పాటు. అతిశయించడానికి లేకపోతే పోస్టరు మీద ఎవరి ఫొటో వేయాలి? యూదా రాజు యెహోషాపాతు ఇంకా నయం, సైన్యం ముందు పాటగాళ్లను నడిపించాడు. మా పాటల బృందమైతే ముందు ఎవరు నిలబడాలన్న దగ్గరే ఆ యుద్ధం ఆగిపోయేది.

ఇక అపొస్తలుడు పౌలు గారు ఎఫెసు సంఘానికి ఉత్తరంలో రాసి పంపిన ఆయుధాల పట్టిక. మొట్టమొదటే నడుముకు సత్యమనే దట్టి. అది బిగిస్తే సాక్ష్యం చెప్పేటప్పుడు ఊపిరాడదు. నాకు తగ్గిన జలుబు మూడు సంఘాలు తిరిగేసరికి న్యుమోనియా అయింది, దట్టి వదులుగా ఉండబట్టే కదా! కాళ్లకేమో సమాధాన సువార్త జోడు. యుద్ధానికి సమాధానం తొడుక్కుని వెళ్లేవాణ్ణి ఎక్కడైనా చూశారా? డాలుంది, శిరస్త్రాణముంది, ఖడ్గముంది, గొంతు ఊసే లేదు. పైగా ఇదంతా రాసినాయన అప్పటికి సంకెళ్లలో ఉన్నాడు. నా కోసం ప్రార్థించండి అన్నాడే గానీ సంకెళ్లు ఊడాలని అడగలేదు, ధైర్యంగా మాట్లాడే శక్తి కావాలన్నాడు. మా దగ్గరకొస్తే ముందు ఆయనకే విడుదల ప్రార్థన చేసి, విశ్వాసం తక్కువైందని నచ్చజెప్పి పంపేవాళ్లం.

అదే ఎఫెసులో స్కెవ అనే యూదు యాజకుడి కొడుకులు ఏడుగురు యేసు పేరు వాడుకుని దయ్యాన్ని వెళ్లగొట్టబోయారు. యేసు తెలుసు, పౌలూ తెలుసు, మీరెవరు అందది. దయ్యం పట్టినవాడు మీదపడితే ఒంటిమీద బట్టల్లేకుండా, గాయాలతో పరుగెత్తారు. మైకు లేకపోవడమే కారణమని నా అభిప్రాయం. ప్రధానదూత మిఖాయేలు సైతం అపవాదిని దూషించడానికి తెగించక, ప్రభువు నిన్ను గద్దించును గాక అని ఊరుకున్నాడట. దూతలకు మొహమాటం ఎక్కువ.

ఇవన్నీ సర్దుకోవచ్చు. మనం పోరాడేది శరీరులతో, అంటే మనుషులతో, కాదన్న పౌలు గారి మాట ఒక్కటే నాకు మింగుడుపడదు. మూడో వరుసలో కిటికీ పక్కన ఒక పెద్దాయన కూర్చుంటాడు. సంఘం లెక్కలు చూపించమని అడిగిన నాటి నుంచి, అంటే మూడేళ్లుగా, ఆయనకూ నాకూ మాటల్లేవు. ఎదురుపడి పలకరించలేను గనక ప్రార్థనలోనే పలకరిస్తుంటాను. "ప్రభువా, లెక్కల ఆత్మ పీడిస్తున్న ఒకరు ఈ స్థలంలో ఉన్నారు, గాలి బాగా వచ్చే చోట కూర్చున్నారు..." పేరు చెప్పను. ప్రేమ ఉండాలి కదా.

పోయిన ఆదివారం ప్రార్థించే వంతు ఆయనకొచ్చింది. కళ్లు మూసుకుని, చేతులెత్తి, "తండ్రీ, మైకు ఆత్మ చెరలో మగ్గుతున్న నీ దాసుణ్ణి విడిపించు" అన్నాడు.

సంఘమంతా ఆమేన్ అంది. అందరికంటే గట్టిగా అన్నది ఆ ప్లగ్గు పిల్ల.