కీటింగ్ కీలుబొమ్మ కాడు

డిసెంబర్ 16 దగ్గర పడిందంటే వాట్సాప్ గ్రూపుల్లోకి 1971 యుద్ధం మళ్ళీ వచ్చేస్తుంది. విశాఖ తీరాన మునిగిన పాక్ జలాంతర్గామి ఘాజీ, బంగాళాఖాతంలోకి వచ్చిన అమెరికా యుద్ధనౌక ఎంటర్‌ప్రైజ్, ఢాకాలో పాక్ జనరల్ నియాజీ లొంగుబాటు సంతకం. వాటితో పాటే ఒక మెసేజ్ కూడా తిరుగుతోంది. దాని సారాంశం ఇదీ: "ఎన్నికల్లో చిత్తుగా ఓడిన ఒక సెనేటర్‌ను, ఇండియా ఎలా ఉంటుందో కూడా తెలియనివాణ్ణి, నిక్సన్ తెచ్చి ఢిల్లీలో అమెరికా రాయబారిగా కూర్చోబెట్టాడు. తూర్పు పాకిస్తాన్‌లో ఊచకోత జరుగుతుంటే అతను నోరు మెదపలేదు. నిక్సన్ చెప్పింది చెప్పినట్టు ఇందిరకు మోసుకొచ్చాడు. చివరికి మనం తరిమేశాం."

ఆ మనిషి పేరు కెనెత్ కీటింగ్. మెసేజ్‌లో ఉన్న ఒక్కో మాటనూ చూద్దాం.

ఓడిపోయిన మాట నిజం. 1964లో న్యూయార్క్ సెనేట్ సీటును రాబర్ట్ కెన్నెడీకి పోగొట్టుకున్నాడు. అయితే "చిత్తుగా" అన్న ముక్క దగ్గర కాస్త ఆగాలి. ఆ ఏడాది రిపబ్లికన్ల అధ్యక్ష అభ్యర్థి గోల్డ్‌వాటర్. న్యూయార్క్‌లో డెమొక్రాట్ అభ్యర్థి జాన్సన్ అతన్ని 26 లక్షలకు పైగా ఓట్ల తేడాతో మట్టికరిపించాడు. అదే రాష్ట్రంలో, అదే రోజు, అదే పార్టీ గుర్తు మీద నిలబడ్డ కీటింగ్ ఓడింది సుమారు 7 లక్షల 20 వేల తేడాతో. జాన్సన్‌కు ఓటేసిన లక్షల మంది సెనేట్ దగ్గరికి వచ్చేసరికి కీటింగ్‌కు వేశారన్నమాట. పైగా గోల్డ్‌వాటర్‌కు మద్దతు ప్రకటించడానికి కీటింగ్ ఒప్పుకోలేదు. సొంత పార్టీ అధ్యక్ష అభ్యర్థికే తలవంచనివాణ్ణి కీలుబొమ్మ అనడానికి మనసు ఎలా వచ్చిందో!

ఓడాక ఇంట్లో కూర్చుని పదవి కోసం ఎదురుచూడనూ లేదు. 1965లో న్యూయార్క్ రాష్ట్ర అత్యున్నత న్యాయస్థానానికి జడ్జిగా ఎన్నికయ్యాడు. అక్కడ ఆ పదవికి కూడా ఎన్నికలుండేవి. 1969లో అధ్యక్షుడు నిక్సన్ ఢిల్లీకి పంపేటప్పటికి అతను సిట్టింగ్ జడ్జి.

ఇండియా తెలియనివాడన్నది శుద్ధ అబద్ధం. రెండో ప్రపంచ యుద్ధంలో చైనా-బర్మా-ఇండియా రంగంలో సైనికాధికారిగా పనిచేశాడు, ఢిల్లీలో ఉన్నాడు. ఆ తర్వాత 1947 నుంచి 12 ఏళ్ళు ప్రతినిధుల సభలో, ఆరేళ్ళు సెనేట్‌లో. (1947 జనవరిలో అతనితో పాటు మొదటిసారి సభలో అడుగుపెట్టినవాళ్ళలో రిచర్డ్ నిక్సన్ కూడా ఉన్నాడు. ఇద్దరిదీ ఒకే బ్యాచ్.)

నోరు మెదపకపోవడం అతని స్వభావంలోనే లేదనడానికి క్యూబా సంగతి ఒక్కటి చాలు. 1962 అక్టోబర్ 10న, క్యూబాలో మధ్యశ్రేణి క్షిపణుల కోసం ఆరు ప్రయోగ కేంద్రాలు కడుతున్నారని సెనేట్‌లో ప్రకటించాడు. ఆగస్టు నెలాఖరు నుంచీ సోవియట్ సైనికుల రాక గురించి మొత్తుకుంటూనే ఉన్నాడు. అధ్యక్షుడు జాన్ కెన్నెడీ ప్రభుత్వం కొట్టిపారేసింది. అక్టోబర్ 16న గూఢచారి విమానం తీసిన ఫొటోలు కెన్నెడీ బల్ల మీదికి వచ్చాయి. ఆ ఆరు కేంద్రాల సమాచారం తనకు ఎవరిచ్చారో కీటింగ్ చచ్చేదాకా బయటపెట్టలేదు.

ఇక అసలు ఆరోపణ, ఊచకోత మీద మౌనం. మెసేజ్ రాసినవాళ్ళు కాగితాలు తిరగేయలేదని తెలిసిపోయేది ఇక్కడే. పాక్ సైన్యం 1971 మార్చి 25 రాత్రి ఢాకాలో దాడి మొదలుపెట్టింది. ఢాకాలోని అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ 28న వాషింగ్టన్‌కు టెలిగ్రాం పంపాడు. మరునాడే ఢిల్లీ నుంచి కీటింగ్ టెలిగ్రాం వెళ్ళింది. పాక్ సైన్యం చేస్తున్న ఊచకోతకు తీవ్ర దిగ్భ్రాంతి చెందానని, ఈ ఘోరాలు అమెరికా ఆయుధాలతోనే జరుగుతుండవచ్చన్న ఆలోచనే భయం పుట్టిస్తోందని అందులో రాశాడు. సూత్రాన్ని పట్టుకోవడమే మంచి రాజకీయం అయ్యే సమయం ఇది అని కూడా రాశాడు. రాయబారి తన సొంత ప్రభుత్వానికి రాసే భాష సాధారణంగా ఇలా ఉండదు.

అది రహస్య టెలిగ్రాం కదా, బయట ఏం మాట్లాడాడు అనొచ్చు. మాట్లాడాడు. ఏప్రిల్ నెల మధ్యలో బొంబాయిలో విలేకరుల ముందు, "అంతర్గత వ్యవహారం" అన్న మాటను మరీ సాగదీయకూడదని అన్నాడు. పాకిస్తాన్ దాక్కుంటున్నది సరిగ్గా ఆ మాట వెనకే. అమెరికా అధికారికంగా పట్టుకు వేలాడుతున్నదీ ఆ మాటనే.

జూన్ 15న వైట్‌హౌస్‌లో నిక్సన్, అతని జాతీయ భద్రతా సలహాదారు కిసింజర్ ఎదుట కూర్చున్నాడు. అప్పటికి మన సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు 50 లక్షల పైమాటే. అక్కడ జరుగుతున్నది దాదాపు పూర్తిగా హిందువులను చంపే జాతిహత్యేనని వాళ్ళ ముఖం మీదే చెప్పాడు. ఈ సంభాషణ నిక్సన్ తన గదిలో తానే పెట్టించుకున్న టేపుల్లో ఉంది. ఇండియాకు పంపిన మిగతా రాయబారుల్లాగే ఇతన్నీ బ్రెయిన్‌వాష్ చేసేశారని నిక్సన్ విసుక్కోవడం కూడా ఆ టేపుల్లోనే ఉంది. మనవాళ్ళేమో నిక్సన్ మనిషి అంటున్నారు, నిక్సన్ ఏమో ఇండియా మనిషి అన్నాడు!

మెసేజ్‌కు అనుకూలంగా చెప్పాల్సింది ఒకటుంది. కీటింగ్ ఎంత రాసినా వాషింగ్టన్ విధానం కదల్లేదు. చైనాతో రహస్యంగా మాటలు కలపడానికి నిక్సన్‌కు పాక్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ కావాలి. జూలైలో కిసింజర్ ఇస్లామాబాద్ నుంచే గుట్టుగా బీజింగ్ వెళ్ళొచ్చాడు. ఈ లెక్క ముందు ఢిల్లీ టెలిగ్రాంలు ఎందుకూ కొరగాలేదు. తన ప్రభుత్వ సందేశాలను కీటింగ్ ఇందిరకు అందించిన మాటా వాస్తవమే, రాయబారి ఉద్యోగమే అది. పోస్ట్‌మ్యాన్ ఉత్తరం అందించాడని అందులో రాసినవన్నీ అతని మాటలు అంటామా?

డిసెంబర్ సంగతి ఇంకా గట్టిది. యుద్ధం మొదలైన నాలుగు రోజులకు, డిసెంబర్ 7న, కిసింజర్ విలేకరులను కూర్చోబెట్టి పేరు రాయకూడదన్న షరతు మీద అమెరికా వాదన వినిపించాడు. రాజకీయ పరిష్కారం కోసం తాము ఎంతో ప్రయత్నించామని, తూర్పు బెంగాల్ (అంటే తూర్పు పాకిస్తాన్) స్వయంప్రతిపత్తికి టైంటేబుల్ గురించి మాట్లాడటానికి ఇస్లామాబాద్ సిద్ధంగా ఉందని వాషింగ్టన్‌లోని భారత రాయబారికి చెప్పామని కథనం. అది చదివి కీటింగ్ 8న టెలిగ్రాం కొట్టాడు. తనకు తెలిసిన విషయాలతో ఇది పొసగడం లేదని ఒక్కో అంశం తీసుకుని రాశాడు. ఇలాంటి కథనాలు అమెరికా మాట మీద నమ్మకాన్ని పెంచవని కూడా చేర్చాడు. జాక్ ఆండర్సన్ అనే పత్రికా రచయిత ఆ టెలిగ్రాంను 1972 జనవరిలో బయటపెట్టాడు. రహస్యంగా ఉండాల్సిన ఆ బ్రీఫింగ్ పూర్తి పాఠాన్ని అమెరికా కాంగ్రెస్ రికార్డుల్లో పెట్టించి కిసింజర్ పేరు బయటికి తెచ్చిందెవరో తెలుసా? గోల్డ్‌వాటరే. సాయం చేస్తున్నాననుకున్నాడు పాపం.

"ఓడిన నాయకుడు కాబట్టి చెప్పినట్టు విన్నాడు" అన్న తర్కం నాకు తలకిందులుగా కనిపించేది ఇందుకే. బ్లడ్ కెరీర్ అధికారి. అతను, అతని సహోద్యోగులు ఏప్రిల్ 6న నిరసన టెలిగ్రాం పంపారు, 20 మంది సంతకాలు పెట్టారు. కొద్ది నెలల్లోనే బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు, ఆ ఉద్యోగ జీవితం మళ్ళీ గాడిన పడలేదు. కీటింగ్‌కు ఆ ఏడాది 71 ఏళ్ళు నిండాయి. ప్రమోషన్ అక్కర్లేదు, బదిలీ భయం లేదు, సెనేట్‌లో పాత మిత్రులున్నారు. అలాంటివాణ్ణి పంపించేస్తే వచ్చే గొడవ నిక్సన్‌కు తెలియనిదేం కాదు.

తరిమేశారన్న చివరి మాటకు ఆధారమే లేదు. 1972లో ఢిల్లీ నుంచి వెళ్ళిన కీటింగ్‌ను మరుసటి ఏడాది నిక్సనే ఇజ్రాయెల్‌కు రాయబారిగా వేశాడు. 1973 అక్టోబర్ 6 ఉదయం, అరబ్ సైన్యాలు విరుచుకుపడటానికి కొన్ని గంటల ముందు, ముందుగా దాడి మేం చేయబోమని ఇజ్రాయెల్ ప్రధాని గోల్డా మెయిర్ చెప్పింది ఇతనికే. ఆ కబురు అందుకోవాల్సిన అమెరికా విదేశాంగ మంత్రి అప్పటికి కిసింజర్. కీటింగ్ ఆ పదవిలో ఉండగానే 1975 మేలో చనిపోయాడు.