తీరం దాటితే తుఫాను అయిపోయినట్టేనా?

బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినపడితే చాలు, దక్షిణ ఒడిశాలో బరంపురం నుంచి పర్లాకిమిడి దాకా ప్రతి ఫోన్‌లోనూ అదే మ్యాపు. తెల్లటి మేఘాల సుడి, దాని ముందు ఒక గీత. గీత గోపాల్‌పూర్ వైపు తిరిగితే టెన్షన్. కళింగపట్నం వైపు జరిగితే హమ్మయ్య అనుకోవడం. చివరికి టీవీలో ‘తీరం దాటింది’ అని పెద్దక్షరాలు పడతాయి, కెమెరాలు సర్దేసుకుంటారు. ఆ రెండు మాటలే మన కొంప ముంచుతున్నాయి.

తిత్లీ తుఫానును అప్పుడే మరిచిపోయారా? 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున అది తీరం దాటింది ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర. ఎక్కువ ప్రాణాలు పోయింది మాత్రం సముద్రమే లేని మన గజపతి జిల్లాలో. తీరం దాటాక ఈశాన్యానికి మళ్లి మన కొండల మీద కుండపోతగా కురిసింది. బరఘర గ్రామంలో వానకు తాళలేక గుహలో తలదాచుకున్నవాళ్ల మీద కొండచరియ విరిగిపడింది. పదిమందికి పైగా పోయారు. అప్పటికే తుఫాను ‘తీరం దాటింది’!

సాధనాలు లేక కాదు. వాతావరణ ఉపగ్రహాలు ఇన్సాట్-3డీఆర్, 2024లో ప్రయోగించిన ఇన్సాట్-3డీఎస్ రాత్రనక పగలనక చిత్రాలు పంపుతున్నాయి. గోపాల్‌పూర్‌లో, విశాఖలో వాన మేఘాల కదలికను పసిగట్టే డాప్లర్ రాడార్లున్నాయి. 1999 సూపర్ సైక్లోన్‌లో 10 వేల మంది దాకా పోగొట్టుకున్న ఒడిశా, 2013లో ఫైలిన్ తుఫాను వచ్చేసరికి దాదాపు 10 లక్షల మందిని ముందే తరలించింది. చిన్న సంగతి కాదది. కానీ ఆ జాగ్రత్త కొండ పల్లెల దాకా ఎక్కలేదు.

మ్యాపులో గీత చుట్టూ గరాటులా కనిపించేది తుఫాను కేంద్రం ఎటు వెళ్లవచ్చో మాత్రమే చెబుతుంది. వాన ఎంతదూరం పడుతుందో అందులో ఉండదు. తేమగాలి మహేంద్రగిరి కొండకు తగిలి పైకి లేచిందంటే వాన ఇంకా ముదురుతుంది. మహేంద్రతనయ, వంశధార నదులు పొంగేది అప్పుడే.

ఏ కొండ మీద ఎంత కురుస్తుందో వాతావరణ అంచనాల కంప్యూటర్ మోడళ్లు కచ్చితంగా చెప్పలేవని అధికారులు అంటారు. నిజమే. చెప్పలేనప్పుడు జనాన్ని ఇంకా ముందే కదిలించాలి కదా?

పైగా మనది సరిహద్దు. తెలుగు చానెళ్ల మ్యాపు ఇచ్ఛాపురంతో ఆగిపోతుంది, భువనేశ్వర్ హెచ్చరిక ఒడియాలో వస్తుంది. తెలుగు తప్ప మరొకటి చదవలేని ముసలమ్మకు, కొండ మీది సవర గిరిజనుల పల్లెకు చేరేది మళ్లీ ఆ రెండు మాటలే.

గజపతి, గంజాం, రాయగడ కలెక్టర్లకు చెబుతున్నాం. తీరం దాటాక కనీసం రెండు రోజులు కంట్రోల్ రూమ్ మూయకండి. కొండవాలు పల్లెల్లో ఎవరిని ఏ బడికి చేర్చాలో వాన మొదలుకాక ముందే తేల్చండి. మైకులో తెలుగులోనూ, సవర భాషలోనూ చెప్పించండి. బరఘర జరిగి ఇన్నేళ్లయ్యాక కూడా ఇవి అడిగించుకోవడం మీకు సిగ్గుగా లేదా?